మామోగ్రఫీ గదిలో తొలి పరీక్ష యంత్రానికే

(హన్మకొండలో ఎక్స్‌రే టెక్నీషియన్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ములుగు నుంచో, నర్సంపేట నుంచో ఒక అమ్మ మామోగ్రామ్ కోసం, అంటే రొమ్ము క్యాన్సర్‌ను పట్టే ఎక్స్‌రే కోసం, వరంగల్‌కు వచ్చిందంటే, ఆ రోజు కూలి వదులుకొని, ఇంట్లో వాళ్లకు నచ్చజెప్పి, రెండు బస్సులు మారి వచ్చిందని మనం అర్థం చేసుకోవాలి. ఆమె మళ్లీ రాకపోవచ్చు. ఆ ఒక్క రాకలో మనం తీసే నాలుగు బొమ్మలు నిజం చెప్పి తీరాలి.

ఎముకను చూపే ఎక్స్‌రేలో చిన్నచిన్న లోపాలు కొంతవరకు చెల్లిపోతాయి. రొమ్ములో గ్రంథి కణజాలానికీ గడ్డకూ మధ్య తేడా అతి స్వల్పం కనుకనే సుమారు 25 నుంచి 32 కిలోవోల్టుల తక్కువ శక్తి కిరణాలు వాడుతున్నాం. అక్కడ మనం వెతికే, క్యాన్సర్‌కు తొలి గుర్తు కాగల కాల్షియం రేణువులు అర మిల్లీమీటరు కన్నా చిన్నవి కావచ్చు. యంత్రం ఒక్కసారిగా ఆగిపోతే అందరికీ తెలుస్తుంది. నెలనెలా కొద్దికొద్దిగా మసకబారితే మాత్రం, రోజూ చూసే మన కన్ను ఆ మసకకే అలవాటు పడిపోతుంది. ఆ మార్పును పట్టి చూపడానికే ఫాంటమ్ ఉన్నది; అంటే రొమ్ముకు బదులుగా యంత్రంలో పెట్టి బొమ్మ తీసే పరీక్ష దిమ్మ.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వారి పాత నమూనా ఫాంటమ్ మీలో చాలామంది చూసే ఉంటారు. అది అరచేతిలో పట్టే అక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) దిమ్మ. అదిమిన తర్వాత సుమారు 4.2 సెంటీమీటర్ల మందం ఉండే రొమ్ముకు సమానం. లోపలి మైనంలో, రొమ్ములో మనం వెతికే వాటికి నమూనాలుగా 6 నారలు, 5 చుక్కల గుంపులు, 5 గడ్డలు ఉంటాయి. తీసిన బొమ్మలో కనీసం 4 నారలు, 3 గుంపులు, 3 గడ్డలు కనిపించాలి. రేడియేషన్ మోతాదు ఒక్కో బొమ్మకు 3 మిల్లీగ్రేలు దాటకూడదు. మూడో గుంపులోని చుక్క 0.32 మిల్లీమీటర్లే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి: ఎక్కడ ఏముందో కంఠస్థమైన మనిషికి లేని చుక్క కూడా కనిపిస్తుంది. కాబట్టి గదిలో వెలుతురు తగ్గించి, రిపోర్టు రాసే మానిటర్ మీదనే, ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి.

నేను పనిచేసిన ఒక కేంద్రంలో జరిగిన సంగతి ఇది. ఒక ఉదయం ఒకామె బొమ్మలో తెల్లని సన్నని చుక్కలు కనిపించాయి. అనుమానంతో ఆమెను బయట కూర్చోబెట్టాం. తర్వాత వచ్చిన మనిషి బొమ్మలోనూ, సరిగ్గా అదే చోట, అవే చుక్కలు! కిరణాలను అందుకొని బొమ్మగా మార్చే డిటెక్టర్ పలక అంచున కాస్త పౌడర్ రాలి ఉంది. తుడిచి, ఖాళీ అక్రిలిక్ పలకను బొమ్మ తీస్తే చుక్కలు మాయమయ్యాయి. ఆ అక్రిలిక్ పలక పరీక్ష పొద్దున్నే చేసి ఉంటే, మొదటామె గంటసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చోవలసి వచ్చేది కాదు. ఆమె ముఖం నాకిప్పటికీ గుర్తే.

బొమ్మ తీసేటప్పుడు రొమ్మును అదిమే ప్లేటు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో బరువు చూసుకునే యంత్రాన్ని ప్లేటు కింద పెట్టి, దాని మీద తువ్వాలు మడిచి పెట్టి అదిమి చూడండి. మోటారు బలం సుమారు 11 నుంచి 20 కిలోల మధ్య ఆగాలి. ప్లేటుకు పగులుంటే ఆ రోజే మార్చాలి.

అణుశక్తి నియంత్రణ మండలి కోరే నాణ్యతా పరీక్ష రెండేళ్లకు ఒకసారి వస్తుంది. అది తప్పనిసరి, కానీ దానితో సరిపెట్టుకుంటే మధ్యలోని వారాలన్నీ గాలిలో దీపమే. వారానికొకసారి చేసే ఫాంటమ్ పరీక్ష మన చేతిలోనే ఉంది. ఫలితం తప్పితే ఆ యంత్రాన్ని ఆపే అధికారం టెక్నీషియన్‌కు రాతపూర్వకంగా ఉండాలని నేను యాజమాన్యాలను గట్టిగా కోరుతున్నాను. బయట బెంచీ మీద పదిమంది ఎదురుచూస్తుండగా నోటిమాట అధికారం నిలబడదు.

మరొక్క విన్నపం. ఈ వారపు పరీక్షను సోమవారం ఉదయం కాక శనివారం సాయంత్రమే ముగించండి. తేడా కనబడితే, సోమవారం రావలసిన వాళ్లకు బస్సెక్కక ముందే ఫోన్ చేసి చెప్పవచ్చు.