డిజీక్యామ్‌లో థంబ్‌నెయిల్స్ కనిపించట్లేదా? ఇలా సరిచేయండి

నమస్తే అండి. ఫోటోలు సర్దిపెట్టుకునే డిజీక్యామ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఆల్బమ్‌లో ఫోటోల బదులు ఖాళీ గడులు కనిపిస్తున్నాయా? లేదంటే వేరే సాఫ్ట్‌వేర్‌లో క్రాప్ చేసి వచ్చినా ఇక్కడ పాత బొమ్మే ఉందా? కంగారు పడి ఏదీ డిలీట్ చేయకండి. ముందు ఆ ఫోటోను ప్రివ్యూలో పెద్దగా తెరవండి. చక్కగా తెరుచుకుందా? అయితే ఫోటో క్షేమంగానే ఉంది, తేడా వచ్చింది దాని చిన్న నకలుకే, అంటే థంబ్‌నెయిల్‌కే.

ఫోటోలు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉంటే దాన్ని ముందే తగిలించండి.

ఇప్పుడు టూల్స్ మెనూలో మెయింటెనెన్స్ తెరవండి. ఇబ్బంది ఉన్న ఆల్బమ్‌ను మాత్రమే ఎంచుకోండి. లైబ్రరీ మొత్తం పెడితే వేల ఫోటోలకు చాలాసేపు పడుతుంది. రీబిల్డ్ థంబ్‌నెయిల్స్‌కి టిక్ పెట్టండి. దాని సెట్టింగుల్లో మారినవి, లేనివి మాత్రమే వెతికే ఆప్షన్ ఒకటుంటుంది. ఖాళీ గడులకైతే అది ఉంచండి. పాత బొమ్మ వదలకపోతే టిక్ తీసేయండి, అప్పుడు అన్నిటినీ మళ్లీ తయారుచేస్తుంది. ఓకే నొక్కండి. చాలామందికి పని ఇక్కడితో అయిపోతుంది.

అయినా కుదరలేదా? అయితే థంబ్‌నెయిల్స్ దాచిపెట్టే క్యాష్ ఫైలే దెబ్బతిని ఉండొచ్చు. ఇక్కడ మాత్రం నిదానంగా వినండి. సెట్టింగ్స్‌లో డేటాబేస్ పేజీకి వెళ్తే ఫోల్డర్ ఎక్కడుందో తెలుస్తుంది. అది చూసుకుని, డిజీక్యామ్ పూర్తిగా మూసేయండి. డేటాబేస్‌ను మామూలు ఫైళ్లలో దాచే ఎస్‌క్యూలైట్ సెటప్ అయితే ఆ ఫోల్డర్‌లో పక్కపక్కనే కొన్ని ఫైళ్లుంటాయి. 'థంబ్‌నెయిల్స్-డిజీక్యామ్ డాట్ డీబీ' అన్నదే మనకు కావాల్సింది. దాని పక్కనున్న 'డిజీక్యామ్4 డాట్ డీబీ' జోలికి వెళ్లకండి! మీరు ఓపిగ్గా పెట్టుకున్న ట్యాగులు, రేటింగులు, ఆల్బమ్ వివరాలు అందులోనే ఉంటాయి. థంబ్‌నెయిల్స్ మళ్లీ పుడతాయి, ఆ ట్యాగులు పుట్టవు. అందుకే ఫోల్డర్ మొత్తాన్ని ఒకసారి వేరేచోట కాపీ చేసుకోమని గట్టిగా చెప్తాను.

కాపీ అయ్యాక థంబ్‌నెయిల్స్ ఫైలు పేరు మార్చి, డిజీక్యామ్ తెరవండి. కొత్త ఫైలు అదే తయారుచేసుకుంటుంది. మొదట్లో కాస్త నెమ్మదిగా నడుస్తుంది, అది మామూలే. అంతా బాగుంటే పేరు మార్చిన పాత ఫైలు తీసేయొచ్చు.

ఇంత చేసినా ఒకటి రెండు గడులు మాత్రం సగం బూడిదరంగులోనే ఉండి, పెద్దగా తెరిచినా అలాగే ఉంటే, అది క్యాష్ సమస్య కాదు. ఆ ఫైలు కాపీ అయ్యేటప్పుడు మధ్యలో తెగి ఉండొచ్చు. మెమరీ కార్డులోనో బ్యాకప్‌లోనో మంచి కాపీ ఉందేమో చూడండి. అప్పటిదాకా ఆ కార్డును ఫార్మాట్ చేయకండి.