‘హి’ అంటే వాడేనా?

(కోనసీమలోని ఒక స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఇంగ్లీషు టీచర్ ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి టీచర్లకు నమస్కారం.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఇంగ్లీషు గ్రామర్ ఎలా చెప్పాలో మాట్లాడమన్నారు. ఒక నోటుపుస్తకంతో మొదలుపెడతానండి.

మా ఏడో తరగతిలో ఒక పాప ఉంది. గోదావరి మధ్య ఉన్న లంక ఊరి నుంచి పడవలో ఏరు దాటి బడికొస్తుంది. ఇంట్లోవాళ్ల గురించి ఐదు వాక్యాలు రాయమంటే, “మై ఫాదర్ విల్ క్లైంబ్ కోకోనట్ ట్రీస్” అని రాసింది. వాళ్ల నాన్న కొబ్బరి దింపు తీస్తారు. నేను ‘విల్’ కొట్టేసి, మళ్లీ రాసుకురా అన్నాను. మర్నాడు “మై ఫాదర్ క్లైంబ్ కోకోనట్ ట్రీస్” అని తెచ్చింది. ‘క్లైంబ్స్’ అనాలి, చివర ఎస్ లేదు. ఆ కింద తమ్ముడి గురించి మాత్రం “మై బ్రదర్ ప్లేస్ కబడ్డీ” అని చక్కగా ఎస్ పెట్టింది. అక్కడ తెలిసింది ఇక్కడ ఎందుకు తెలియలేదు?

దగ్గర కూర్చోబెట్టుకుని, “తెలుగులో చెప్పమ్మా” అన్నాను.

“మా నాన్న చెట్లెక్కుతారండి.”

“ఎప్పుడు?”

“రోజూ ఎక్కుతారండి. రేపు కూడా ఎక్కుతారు.”

రెండు తప్పులకీ కారణం ఆ ఒక్క మాటలోనే ఉంది. తెలుగులో రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ క్రియ ఒకటే: ఎక్కుతారు. ఇంగ్లీషులో అవి రెండు. అందుకే ‘విల్’ వచ్చింది. ఇక తమ్ముడు ‘ఆడతాడు’, నాన్న ‘ఎక్కుతారు’. నాన్న ఒక్కరే అయినా గౌరవం కోసం బహువచనం వాడతాం. బహువచనానికి ఎస్ అక్కర్లేదని చెప్పింది నేనే. ఆ పాప నేను చెప్పిన రూల్ తప్పలేదు, నాన్న మీద మర్యాదా తప్పలేదు.

అదే రోజు ఇంకోటి గమనించాను. ‘హి’ అంటే వాడు, ‘షి’ అంటే ఆమె అని బోర్డు మీద రాసేస్తుంటాం. నాన్నని ‘వాడు’ అని ఏ పిల్లైనా అంటుందా? అప్పటినుంచి మా క్లాసులో ‘హి’ పక్కన వాడు, అతను, ఆయన, మూడూ రాస్తున్నాను. చిన్నవాడైనా, తాతగారైనా, కలెక్టర్ గారైనా ఇంగ్లీషులో ‘హి’ ఒక్కటే, ఎస్ తప్పదు అని చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యంతో నేర్చుకున్నది మర్చిపోరు.

నేను చదువుకున్న రోజుల్లో పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిదింటికీ నిర్వచనాలు బట్టీ పట్టించారు. అవి ఇప్పటికీ అప్పజెప్పగలను. కానీ పదో తరగతి అయ్యేదాకా సొంతంగా ఒక ఉత్తరం రాయలేకపోయాను. ఆ బాధ మన పిల్లలకి వద్దనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పిల్లలకి వ్యాకరణం ముందే వచ్చండి, తెలుగులో. ఆర్టికల్స్, అంటే ‘ఎ’, ‘ద’ లాంటివి చూడండి, అవంటే అందరికీ టెన్షనే. నేను కథతో మొదలుపెడతాను: అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. మొదటిసారి ‘ఒక’ ఎందుకన్నాం, రెండోసారి ‘ఆ’ ఎందుకన్నాం అని అడిగితే ఆరో తరగతి పిల్లలు వాళ్లే చెప్పేస్తారు: “ఇందాక చెప్పిన రాజే కదండీ!” ఆ ‘ఒక’ దగ్గర ‘ఎ’ పెట్టండి, ఆ ‘ఆ’ దగ్గర ‘ద’ పెట్టండి. అన్నిచోట్లా ఇది సరిపోదు. మనం ‘ఆ సూర్యుడు’ అనం, వాళ్లు ‘ద సన్’ అంటారు. అలాంటివి తర్వాత ఒక్కొక్కటీ చెప్పుకోవచ్చు, తలుపు మాత్రం తెరుచుకుంటుంది.

ప్రిపొజిషన్లకి ఎక్కువ చెప్పను. బల్ల మీద, సంచిలో అని మనకి పేరు తర్వాత వచ్చేది వాళ్లకి ముందొస్తుంది. పిల్లల చేత వస్తువులు అటూ ఇటూ పెట్టించి చెప్పిస్తే చాలు.

ఎనిమిదో తరగతిలో ప్యాసివ్ వాయిస్ దగ్గర ఆగాలి. “రాముడిచే రావణుడు చంపబడెను” లాంటి వాక్యాలు ఇచ్చి మార్చమంటాం. అలా మన ఇళ్లలో ఎవరు మాట్లాడతారు? “ధవళేశ్వరం ఆనకట్ట ఎప్పుడు కట్టారు?” అంటాం. ఆ ‘కట్టారు’లో ఎవరు కట్టారో చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. ఇంగ్లీషులో ప్యాసివ్ చాలాసార్లు చేసే పని ఇదే. “ద ఆనికట్ వజ్ బిల్ట్ బిట్వీన్ 1847 అండ్ 1852” అని రాయించండి. ఎవరు కట్టించారో చెప్పాలనుకుంటే అప్పుడు ఆర్థర్ కాటన్ పేరు ముందుకు తెచ్చి యాక్టివ్‌లో రాయించండి. ఏది ఎప్పుడు వాడాలో అలా తెలుస్తుంది. ‘ఆనికట్’ కూడా ఇంగ్లీషువాళ్లు మన దక్షిణాది నుంచి పట్టుకెళ్లిన మాటేనని చెబితే పిల్లల ముఖాలు చూడాలి! మనం రోజూ తాగే కాలువ నీళ్ల కథ అది.

దిద్దడం గురించి ఒక్క మాట. పేజీ నిండా ఎర్ర సిరా వద్దండి. ఈ వారం ఎస్ ఒక్కటే చూస్తానని ముందే చెప్పండి, అదొక్కటే దిద్దండి. మిగతా తప్పులు వచ్చే వారం దాకా ఆగుతాయి. పిల్ల రాయడం మానేస్తే ఆ తర్వాత దిద్దడానికేమీ ఉండదు.

వచ్చే సమావేశానికి మీ క్లాసులో పిల్లలు తప్పు రాసిన వాక్యాలు ఒక ఇరవై ఎత్తి రాసుకుని తీసుకురండి. పేర్లు వద్దు. ఒక్కోదాని పక్కన, ఆ పిల్ల మనసులో ఉన్న తెలుగు వాక్యం ఏమిటో అడిగి రాయండి. అందరం కలిసి చూద్దాం. మా ఏడో తరగతి పాప వాక్యాలు నేను తెస్తాను.