నులిపురుగుల మాత్ర ఏటా రెండుసార్లు ఎందుకు?

[దృశ్యం: పలాస పక్కన జీడితోట. తడి ఇసుక నేల మీద చెప్పుల్లేని చిన్న పాదాలు.]

ఈ పాదాలు చూడండి. రాత్రి వాన పడింది, నేల ఇంకా ఆరలేదు. తోటలో ఎవరో బయటికి వెళ్లి ఉంటే, ఆ మలంలోని కొంకిపురుగు అనే నులిపురుగు గుడ్లు ఈ మట్టిలోనే పొదుగుతాయి. అందులోంచి వచ్చే పిల్ల పురుగు కంటికి కనిపించదు. నోటి దాకా కూడా రానక్కర్లేదు, కాలివేళ్ల సందుల్లోంచే తొలుచుకుని ఒంట్లోకి పోతుంది. నెత్తురులో ఊపిరితిత్తులకు చేరి, గొంతులోకి పాకి, గుటకతో పాటు పేగులోకి దిగుతుంది. అక్కడ పేగు గోడను కరిచిపట్టుకుని నెత్తురు తాగుతుంది.

"ఎంత తిన్నా ఒంటికి పట్టట్లేదండీ, మొహం పాలిపోయింది" అని అమ్మలు అంటుంటారు. దానికి ఇదీ ఒక కారణం కావచ్చు. బెల్లం తింటే పురుగులు పడతాయని మా అమ్మమ్మ గట్టిగా నమ్మేది. పాపం, బెల్లం తప్పేం లేదు. ఏలికపాము అనే మరో నులిపురుగు గుడ్లయినా మట్టి చేతులతోనో, కడగని కూరలతోనో నోట్లోకి వెళ్లాల్సిందే.

[దృశ్యం: అరచేతిలో మాత్ర, దగ్గరగా.]

ఇది ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములు. 2015 నుంచి నులిపురుగుల నివారణ దినం పేరుతో బడిలో, అంగన్‌వాడీలో 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకి ఉచితంగా ఇస్తున్నారు. పురుగు కణాల్లో ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. మందు దాన్ని పట్టేసుకుంటే పురుగు చక్కెరను లాక్కోలేదు. చుట్టూ తిండి ఉన్నా ఆకలితో చస్తుంది. అందుకే ఒక్క పూటలో అద్భుతం జరగదు. మర్నాడు దొడ్డిలో పురుగులు కనిపించలేదని మందు పనిచేయలేదనుకోకండి. కొంకిపురుగు పొడవే సుమారు ఒక సెంటీమీటరు.

కానీ ఈ మాత్ర పని కడుపు వరకే. తోటలో మట్టి అలాగే ఉంది, రేపు మళ్లీ అవే పాదాలు అక్కడికే వెళ్తాయి. అందుకే ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి. చెప్పులు, మరుగుదొడ్డి లేకుండా మాత్ర ఒక్కటే గెలవలేదు.

[దృశ్యం: రెండు స్పూన్ల మధ్య మాత్ర పొడి అవుతోంది.]

ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకి సగం మాత్రే. మెత్తగా పొడి చేసి నీళ్లలో కలిపి పట్టండి. ఏడుస్తున్న పిల్ల నోట్లో బలవంతంగా కుక్కొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. పెద్దపిల్లలు నమిలి మింగాలి. కడుపులో పురుగులు ఎక్కువున్న పిల్లలకి కాసేపు వికారం, కడుపునొప్పి రావచ్చు. టెన్షన్ పడొద్దు, పడుకోబెట్టి నీళ్లివ్వండి. తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

బోదకాలు మాత్రలు పంచేటప్పుడు డీఈసీ అనే మందుతో పాటు ఇచ్చేదీ ఇదే. ఆ డీఈసీని 1940లలో అమెరికాలో కనిపెట్టిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నాకు గర్వంగానే ఉంటుంది.

అన్నిటికీ ఒకే మందు కాదు. అమీబా విరేచనాలకు మెట్రోనిడజోల్ వాడతారు, బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్. అవి డాక్టరు రాస్తేనే వాడండి. గర్భిణులైతే, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, ఆల్బెండజోల్ కూడా సొంతంగా వేసుకోకూడదు.

మాత్రలిచ్చే రోజున పిల్లకి జ్వరంగా ఉంటే ఆపేయండి. మిగిలిపోయిన వాళ్ల కోసం కొన్ని రోజుల తర్వాత మళ్లీ ఇస్తారు. ఆ తేదీ ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచరునో అడిగి ఇవాళే రాసుకోండి.