వ్యూస్ వస్తున్నాయి, డబ్బులేవి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: రీల్స్, షార్ట్స్ చేసేవాళ్లకి డబ్బు ఎలా వస్తుందన్నది ఈరోజు విషయం. అమలాపురం నుంచి మొదటి కాలర్. చెప్పండి.

కాలర్: నమస్కారమండి. యూట్యూబ్‌లో 600 మంది సబ్‌స్క్రైబర్లున్నారండి. డబ్బులెప్పుడు వస్తాయి?

నిపుణుడు: 500 దాటారు. 90 రోజుల్లో మూడు వీడియోలు పెట్టి, షార్ట్స్‌కి 30 లక్షల వ్యూస్ తెచ్చుకుంటే సూపర్ థ్యాంక్స్ (చూసినవాళ్లు ఇష్టపడి ఇచ్చే డబ్బు), మెంబర్‌షిప్ (నెలనెలా కట్టే చందా) పెట్టుకోవచ్చు. యాడ్స్ డబ్బుకి మాత్రం 1,000 మంది ఉండాలి. దాంతోపాటు 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్, లేదంటే పెద్ద వీడియోలకి ఏడాదిలో 4,000 గంటలు.

వ్యాఖ్యాత: థ్యాంక్యూ. ఆత్రేయపురం నుంచి ఇంకొకరు.

కాలర్: హలో... వినపడుతుందాండి? ఆయ్, మాది పూతరేకుల పనండి. కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డ పైన ఇలా లాగుతాం కదండీ, క్షణంలో రేకు లేస్తుంది. మా కోడలు దాన్ని వీడియో తీసి పెట్టింది. 12 లక్షల మంది చూశారండి! వైజాగ్ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి మరీ చెప్పింది. పైసా రాలేదండి.

నిపుణుడు: సబ్‌స్క్రైబర్లు ఎంతమందమ్మా?

కాలర్: 1,400 అండి.

నిపుణుడు: అది చాలు. వ్యూసే కోటి కావాలి.

కాలర్: 12 లక్షల మంది చూశాక ఎంతో కొంత ఇవ్వాలి కదండీ?

నిపుణుడు: ఇవ్వరమ్మా. యూట్యూబ్ మిమ్మల్ని డబ్బు పంచే పథకంలో చేర్చుకున్నాక వచ్చే వ్యూస్‌కే లెక్క. పాతవాటికి రాదు. వెనకాల సినిమా పాట పెట్టారా?

కాలర్: రెండు పెట్టిందండి.

నిపుణుడు: అదే వద్దంటాను! రేపు డబ్బులొచ్చే రోజున ఒక పాట ఉంటే ఆ వ్యూస్ మీద వచ్చిందాంట్లో సగం, రెండుంటే మూడింట రెండొంతులు ముందే పాటల హక్కులకి పోతుంది. మిగిలిందాంట్లోంచి మీకు పంచేది 45 శాతం. ఆ మంట చిటపటలే వినిపించండి, మీ గొంతుతో చెప్పండి. పాట అరువు తేకండి.

కాలర్: 8 వేలిస్తే డబ్బులొచ్చేలా చేయిస్తానని ఒకబ్బాయి అంటున్నాడండి.

నిపుణుడు: ఒక్క రూపాయి ఇవ్వొద్దు. దరఖాస్తుకి ఫీజు లేదు. ఇంతకీ ఆర్డర్లేమైనా వచ్చాయా?

కాలర్: వచ్చాయండి, హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి. కొరియర్లో వేస్తే సగం పొడైపోయాయండి.

నిపుణుడు: మీ ఆదాయం అక్కడుందమ్మా! గట్టి డబ్బాలో సర్దండి, డబ్బు ముందే తీసుకోండి. నంబరు ప్రొఫైల్లో పెట్టమనండి. యాడ్స్ వచ్చినప్పుడు వస్తాయి.

కాలర్: సరేనండి. మరి ఆ 12 లక్షలకీ...

వ్యాఖ్యాత: అమ్మా, లైన్లో చాలామంది ఉన్నారు. థ్యాంక్యూ. భీమవరం, చెప్పండి.

కాలర్: రొయ్యల చెరువుల మీద రీల్స్ చేస్తానండి. ఒక కంపెనీ ఏరేటర్, అదే చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం, ఉచితంగా ఇస్తానంటోంది, పొగడమంటోంది.

నిపుణుడు: తీసుకోండి, కానీ ప్రకటన అని వీడియోలోనే చెప్పండి. ఏడాదిలో వాళ్లిచ్చినదాని విలువ 20,000 దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, ఉంటుంది. ఉచితమే కదా అని పన్ను రిటర్న్‌లో చూపించకుండా వదిలేయకండి.

కాలర్: మరి అది పాడైతే...

వ్యాఖ్యాత: సమయం లేదండీ. కడియం నుంచి చివరి కాలర్, క్లుప్తంగా.

కాలర్: వేరేవాళ్ల నర్సరీ వీడియోలు కత్తిరించి పెడితే డబ్బులొస్తాయాండి?

నిపుణుడు: రావు బాబూ. చుట్టూ అన్ని మొక్కలుంటే మీకు అరువు వీడియో ఎందుకు?

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. వచ్చేవారం కొబ్బరి తెగుళ్ల గురించి.