షూ కరుస్తోందా? నంబరు పెంచకండి!

మీ దగ్గరున్న షూ డబ్బా ఒకసారి తిప్పి చూడండి. ఇండియా 8 అని ఉంటుంది, పక్కనే యూకే 8 అని ఉంటుంది. 7కి 7, 9కి 9. ఒక్క గీత తేడా లేదు! ఎందుకు లేదు? అది మన కొలత కాదు కాబట్టి! తెల్లవాళ్ళు 1947లో వెళ్ళిపోయారు, వాళ్ళ పాదం లెక్క మాత్రం మన కాలిని వదల్లేదు. ఆ లెక్కనే తొడుక్కుని బరంపురం స్టేషను మెట్లెక్కుతున్నాం, కోర్టు వరండాల్లో తిరుగుతున్నాం, సాయంత్రం ఇంటికొచ్చి అరికాళ్ళు పట్టుకుని కూర్చుంటున్నాం.

నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వాళ్ళకీ, రోజూ ఇచ్ఛాపురంలో రైలెక్కి ఇటు ఉద్యోగానికొచ్చే వాళ్ళకీ ఈ వీడియో.

ఆఫీసు షూల గొడవ మీకు తెలిసిందే. ఒక జట్టు "ఫార్మల్ అంటే ఫార్మలే, నొప్పి ఓర్చుకోవాలి" అంటుంది. ఇంకో జట్టు "ప్యాంటు కింద స్పోర్ట్స్ షూ వేసుకుంటే ఎవరు చూడొచ్చారు" అంటుంది. రెండు జట్లూ అసలు సంగతి వదిలేసి కొట్టుకుంటున్నాయి. మీ షూ మీకు పొట్టి అవలేదు. ఇరుకైంది! ఇరుకుకి మందు పెద్ద నంబరు అనుకుంటున్నారు చూశారా, అక్కడే మునుగుతున్నారు.

లెక్క చెప్తాను, రాసుకోండి. యూకే పద్ధతిలో ఒక నంబరు పెరిగితే పొడుగు అంగుళంలో మూడో వంతు పెరుగుతుంది. అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. అదే నంబరు పెరిగితే షూ అడుగుభాగం వెడల్పు ఎంత పెరుగుతుందో తెలుసా? అంగుళంలో 12వ వంతు. 2 మిల్లీమీటర్లు! చిటికెన వేలికి చోటు కావాలని వెళ్ళి, బొటనవేలి ముందు ఖాళీ జాగా కొనుక్కొస్తున్నారు. 8.5 పొడుగు కొంటే 2 వెడల్పు. మళ్ళీ చెప్తున్నాను, 8.5 కొంటే 2!

ఇప్పుడు చుట్టుకొలత చూద్దాం. వేళ్ళ మొదళ్ళ దగ్గర, పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉండే చోట చుట్టూ టేపు పెడితే వచ్చేది. ఒక నంబరు పెంచితే అది పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. నంబరు అలాగే ఉంచి ఫిట్టింగు, అంటే అదే నంబరులో వెడల్పు రకం, ఒక మెట్టు పెంచితే? దాదాపు అదే పావు అంగుళం! పొడుగు ఒక్క మిల్లీమీటరు పెరగకుండా! మీకు కావలసిన చోటు మీ నంబరులోనే ఉంది, పక్క ఫిట్టింగులో ఉంది. ఆ ఫిట్టింగు సంగతి షాపులో ఎవరూ ఎత్తరు, మనం అడగం.

అడగండి. ఒడియా షాపులో అయితే "భాయి, చౌడా ఫిటింగ్ అఛి కి?" అని అడగండి. డబ్బా మీద నంబరు పక్కన అక్షరం ఉందేమో చూడండి. బ్రిటన్ పద్ధతి కంపెనీలు కొన్నిట్లో మగవాళ్ళకి జి అంటే మామూలు, హెచ్ అంటే వెడల్పు. అమెరికా పద్ధతిలో మగవాళ్ళకి డి మామూలు, టూ ఈ వెడల్పు, ఫోర్ ఈ ఇంకా వెడల్పు. ఏ అక్షరమూ లేకపోతే మామూలు ఫిట్టింగే అనుకోండి.

"ఒక నంబరు పెద్దదైతే ఏమైంది, వదులుగా హాయిగా ఉంటుంది కదా" అనేవాళ్ళు ఇది వినాలి. షూ వంగడానికి ఒక చోటు ఉంటుంది. అది మీ వేళ్ళ మొదళ్ళ కిందకి సరిగ్గా రావాలి. నంబరు పెంచగానే ఆ చోటు ముందుకి జరిగిపోతుంది. మీ పాదం ఒక దగ్గర వంగుతుంది, షూ ఇంకో దగ్గర వంగుతుంది. పైతోలు ముడతపడి ఆ ముడత వేళ్ళ మీద కోస్తుంది. వెనక మడమ ప్రతి అడుగుకీ లేచి పడుతుంది, బొబ్బ అక్కడే వస్తుంది. షూ జారిపోకుండా వేళ్ళు మీకు తెలియకుండానే కిందకి వంగి పట్టుకుంటాయి. రోజంతా అలా పట్టుకుంటే పిక్కలు లాగుతాయి, వేళ్ళ మీద ఆనెలు కడతాయి. తరవాత "నాకు ఫార్మల్ షూలు పడవు" అంటారు. ఫార్మల్ పడకపోవడం కాదమ్మా, నంబరు దొంగది!

ఇది గాల్లో మాట కాదు. చెన్నైలో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ ఉంది, సీఎల్ఆర్ఐ. వాళ్ళు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా జనం పాదాల్ని త్రీడీ యంత్రాలతో కొలిచారు. తేలిందేమిటి? మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ళ పాదాలకన్నా వెడల్పు. దాని మీదే మనకంటూ "భ" అనే కొలత పద్ధతి ప్రతిపాదించారు. భ అంటే భారత్. మన అమ్మమ్మలు పొలం గట్ల మీద వేళ్ళు విప్పుకుని నడిచిన పాదాలు ఇవి, లండన్ అచ్చులో ఎందుకు ఇముడుతాయి? షాపులో చేతికొచ్చే డబ్బా మీద మాత్రం యూకే నంబరే. కాబట్టి కొలత మనమే తీసుకోవాలి.

ఎలా తీసుకోవాలో చూపిస్తాను. పొద్దున్న వద్దు, సాయంత్రం కొలవండి. రోజంతా తిరిగాక పాదం ఉబ్బుతుంది, మీ షూ ఆ పాదాన్ని భరించాలి. ఆఫీసుకి ఏ సాక్సు వేస్తారో అదే వేసుకోండి. కాగితం నేల మీద పెట్టి నిలబడండి. కూర్చుని గీస్తే లెక్క తప్పుతుంది, బరువు పడితేనే పాదం పరుచుకుంటుంది. పెన్సిలు నిలువుగా పట్టుకోవాలి, లోపలికి వంచితే పాదం సన్నగా వచ్చేస్తుంది. ఇంట్లో ఇంకొకరి చేత గీయించుకుంటే మంచిది, మీరే వంగితే బరువు ముందుకి పోతుంది. రెండు పాదాలూ గీయండి, చాలామందికి ఒకటి పెద్దగా ఉంటుంది, పెద్దదాని ప్రకారమే కొనాలి. మడమ నుంచి అన్నిటికన్నా పొడుగు వేలి దాకా ఒక కొలత. అది బొటనవేలే అవ్వాలని లేదు, పక్క వేలు పొడుగున్నవాళ్ళు బోలెడుమంది. వేళ్ళ మొదళ్ళ దగ్గర అడ్డంగా రెండో కొలత. టైలరు టేపుతో అదే చోట చుట్టూ మూడోది. అసలైనది నాలుగోది: మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకొచ్చే చోటుకి. షూ ఎక్కడ వంగాలో చెప్పేది అదే. ఇద్దరికీ పాదం పొడుగు ఒకటే ఉండి, వేళ్ళు ఒకరికి పొడుగు, ఒకరికి పొట్టి ఉండొచ్చు. ఒకే నంబరు ఒకరికి అమిరి ఇంకొకరికి కరిచేది అందుకే.

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బరంపురం గిరి రోడ్డుకో, మీ ఊరి బజారుకో వెళ్ళండి. షూ లోపల పరిచిన మెత్తని పలక ఊడి వస్తే తీసి మీ గీత మీద పెట్టండి. గీత పలకని దాటి రెండు పక్కలా 2, 3 మిల్లీమీటర్లు బయటికొస్తే ఫరవాలేదు, పైతోలు సర్దుకుంటుంది. 5 దాటిందా, ఆ షూ మీది కాదు, అమ్మేవాడు "వాడగా వాడగా వదులవుతుంది సార్" అని ఎంత చెప్పినా! తోలు వెడల్పులో కాస్త వదులవుతుంది నిజమే. పొడుగులో అవదు. రెక్సిను ఎందులోనూ అవదు. నిలబడితే పొడుగు వేలి ముందు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. మొన ఉన్న షూలో ఆ ఖాళీ లెక్కలోకి రాదు, ఆ మొనలోకి వేళ్ళు వెళ్ళవు కదా. ముందు భాగం గుండ్రంగా ఉన్నది తీసుకోండి.

తరవాత షూని చేత్తో పట్టుకుని వంచండి. వేళ్ళ మొదళ్ళ దగ్గర వంగాలి. నడుమ దగ్గర రెండుగా మడిచినట్టు వంగిందా, పెట్టేయండి. తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పి చూడండి, తిరిగిపోయిందా, అదీ పెట్టేయండి. వెనక మడమ కప్పుని వేళ్ళతో నొక్కండి, గట్టిగా ఉండాలి. అక్కడ మెత్తగా ఉంటే మడమ పక్కకి వాలుతుంది. లేసుల షూలో రెండు రకాలున్నాయి. లేసు పట్టే రెండు రెక్కలూ మీద విడిగా తెరుచుకునేది డెర్బీ. కింద కుట్టేసి మూసుకుపోయేది ఆక్స్‌ఫర్డ్. మీగాలు ఎత్తున్నవాళ్ళకీ, రోజంతా నడిచేవాళ్ళకీ డెర్బీయే. పాదం ఉబ్బితే లేసు వదులు చేసుకోవచ్చు. లేసుల్లేకుండా తొడుక్కునే లోఫర్ నడకకి పనికిరాదు. అది జారకుండా ఉండాలంటే ఇరుకుగానే ఉండాలి, మళ్ళీ కథ మొదటికొచ్చింది!

ఆడవాళ్ళ సంగతి ఇంకా దారుణం. బెల్లీలంటూ అమ్మేవి చూడండి, ముందు మొన, అడుగున అట్టముక్కంత సోలు. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రి నడవాల్లో ఎనిమిది గంటలు నిలబడే సిస్టర్లు, బ్లాకుబోర్డు ముందు నిలబడే టీచరమ్మలు, వీళ్ళకా ఇవి? పోనీ ఎత్తు మడమలవి వేస్తే బరువంతా ముందుకి, వేళ్ళ మొదళ్ళ మీదకి వస్తుంది. ఆ బరువుని మొనలోకి తోస్తే బొటనవేలు పక్క వేళ్ళ వైపు తిరుగుతుంది. అమ్మా, మీక్కావలసింది 2.5 నుంచి 4 సెంటీమీటర్ల వెడల్పాటి బ్లాక్ మడమ, గుండ్రని ముందు భాగం, మీగాలు మీద అడ్డంగా ఒక పట్టీ. ఆ పట్టీయే ముఖ్యం. అది పట్టుకుంటే వేళ్ళు పట్టుకోనక్కర్లేదు. చీర మీదకీ బావుంటుంది, సల్వార్ మీదకీ బావుంటుంది. ఒక్క జాగ్రత్త, కొత్త జత ఎత్తుకి చీర కుచ్చిళ్ళు మళ్ళీ సర్దుకోండి.

స్పోర్ట్స్ షూ జట్టుకి ఒక్క మాట చెప్తాను. పూర్తి నలుపు వాకింగ్ షూ ఆఫీసుకి నడుస్తుంది, కానీ సోలు అంచు కూడా నల్లగానే ఉండాలి, పైన జాలీ గుడ్డ కాకుండా సాదా తోలు ఉండాలి, కంపెనీ గుర్తు దూరానికి కనపడకూడదు. తెల్ల సోలు ఉన్నది కోర్టుకీ బ్యాంకుకీ వద్దు.

ఇప్పుడు సోలు. ఇది మన తీరం వాళ్ళు తప్పకుండా వినాలి. మెత్తగా తేలిగ్గా ఉండే సోళ్ళు చాలావరకు పీయూ, పాలీయురేథేన్. నడకకి బంగారం. కానీ గాల్లో చెమ్మ దాన్ని లోలోపల తినేస్తుంది. గోపాలపురం సముద్రం బరంపురానికి 15, 16 కిలోమీటర్లు. పెళ్ళికి కొని నాలుగుసార్లు వేసి డబ్బాలో దాచిన షూ మూడు నాలుగేళ్ళకి తీస్తే సోలు బెల్లం ముక్కలా రాలిపోతుంది! "దాచుకున్నా పాడైపోయింది" అని బాధపడతారు. దాచుకున్నందుకే పాడైంది! వేస్తూ ఉంటే ఇంకా నయం. డిస్కౌంటులో పాత స్టాకు కొనేటప్పుడు డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం చదవండి. సోలుని గోటితో నొక్కండి, గుంట తిరిగి లేవకపోయినా, జిగురుగా తగిలినా వదిలేయండి. ఈవీఏ అనే నురుగు సోలు తేలిక, కానీ నడవగా నడవగా అణిగి పలచబడుతుంది. పీవీసీ చవక, గట్టి, తడి గచ్చు మీద జారుతుంది. రబ్బరులాంటి ప్లాస్టిక్ టీపీఆర్, అసలు రబ్బరు పట్టు ఇస్తాయి, రబ్బరు బరువు. వానల్లో ఎక్కువ నడిచేవాళ్ళు అడుగున రబ్బరు, పైన మెత్తని పొర ఉన్నది వెతకండి.

పైది తోలో రెక్సినో తెలుసుకోవడానికి లేసుల కింద ఉండే నాలిక అంచు చూడండి. కోసిన చోట పీచు కనపడితే తోలు, గుడ్డ కనపడితే రెక్సిను. తోలు షూ ఒక్కచోట, చిటికెన వేలి దగ్గరే నొక్కుతుంటే మోచీ దగ్గరికి తీసుకెళ్ళండి. మరతో తిప్పే చెక్క అచ్చు పెట్టి రాత్రంతా ఉంచితే ఆ చోటు కాస్త సాగుతుంది. జెల్ పలకలు కొని లోపల పడేసేవాళ్ళు పాత పలక తీశాకే పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పెడితే పాదం పైకి లేచి మీగాలు నొక్కుతుంది, ఉన్న ఇరుకుకి ఇంకో ఇరుకు.

తడిస్తే పొయ్యి దగ్గరా ఎండలోనూ పెట్టొద్దు, తోలు బీటలు వారుతుంది, జిగురు విడుస్తుంది. లోపల వార్తాపత్రిక కుక్కి, రెండు గంటలకోసారి మార్చి, ఫ్యాను కింద పెట్టండి. వానాకాలం రెండు జతలుంటే ఒకటి ఆరుతుంటే ఇంకోటి వేసుకోవచ్చు. రెండు జతలా అంటారా? 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 దాకా జీఎస్టీ 5 శాతమే, దాటితే 18. ఆ గీత లోపలే డెర్బీ తోలు షూలు దొరుకుతాయి, వెతకండి.

కొన్నాక బిల్లు పారేయకండి. రెండు మూడు సాయంత్రాలు ఇంట్లో శుభ్రమైన గచ్చు మీద గంటసేపు నడవండి, సోలు మాయకుండా ఉంటే మార్చుకోవచ్చు. మడమ లేస్తోందా, వేళ్ళు కిందకి పట్టుకుంటున్నాయా, అదే చూడండి.

ఇక కామెంట్లలో ఒకే ఒక్క పని. మీరు వేసుకునే నంబరు, మీ పాదం పొడుగు, వేళ్ళ మొదళ్ళ చుట్టుకొలత, మూడూ పెట్టండి, కొలతలు మిల్లీమీటర్లలో. పక్కన ఊరి పేరు రాయండి. నంబరు పెంచి కొన్నవాళ్ళు అదీ రాయండి. పర్లాకిమిడి వాళ్ళు ముందు పెడతారో రాయగడ వాళ్ళు ముందు పెడతారో చూస్తాను!