30 గుంటలు, 20 గుంటలు, 60 గుంటలు: అక్కాచెల్లెళ్ల నవలను ఎలా చదవాలి?

[తెర నల్లగా ఉంటుంది. ఒకదాని వెనుక ఒకటి మూడు అంకెలు: 30, 20, 60]

ఇవి గుంటలు, ఎకరానికి నలభై. పొలం ఒకటే, 6 ఎకరాలు. మనిషీ ఒకరే, ఆ ఇంటి పెద్దకూతురు. తండ్రి ఏ ఏడాది కన్నుమూశాడన్న దాన్ని బట్టి ఆమె వాటా 30 గుంటలు కావచ్చు, 20 కావచ్చు, 60 కావచ్చు.

నమస్కారం. ఇది సాహిత్యం వీడియోనే, పొరపాటున రెవెన్యూ పాఠంలోకి వచ్చామని కంగారు పడకండి. అక్కాచెల్లెళ్ల కథ చెబుతూ నలభై యాభై ఏళ్ల కాలాన్ని మోసే నవలలు మీరు చదివే ఉంటారు. ఆ పద్ధతికి అంత బలం ఎక్కడిది, అది ఎక్కడ దెబ్బతింటుంది అన్నది ఈరోజు చూద్దాం. అచ్చయిన నవల ఏదీ తీసుకోను. వరంగల్ మట్టితో మనమే ఒకటి కట్టుకుందాం.

[కాగితం మీద చేతిరాతతో వంశవృక్షం]

హనుమకొండకూ జనగామకూ మధ్య ఒక ఊరు. పెద్దది 1940లో పుట్టింది, నడిపిది 1951లో. తర్వాత ఒక కొడుకు. చిన్నది 1964లో. పెద్దదానికీ చిన్నదానికీ 24 ఏళ్ల తేడా ఎక్కువనిపిస్తుందా? తల్లీ కూతురూ ఒకే ఏడాది పురుడు పోసుకోవడం ఆ రోజుల్లో వింత కాదు. మన కథలో చిన్నదీ, పెద్దక్క కూతురూ ఒక ఈడువాళ్లు. వరసకు చిన్నమ్మ, ఆటకు జోడీ.

తల్లీకూతుళ్ల నవలలో తేడా కనిపిస్తే తరం మారిందిలే అని పాఠకుడు సర్దుకుంటాడు. అక్కాచెల్లెళ్ల దగ్గర ఆ సాకు చెల్లదు. అదే తల్లి పాలు, అదే తండ్రి కోపం, అదే వంటింటి పొగ. తేడా అంతా పుట్టిన ఏడాదిలోనే ఉంది. అందుకే ఈ రకం నవలలో నేను ముందుగా చూసేది పాత్రల పేర్లు కాదు, వాళ్లు పుట్టిన సంవత్సరాలు.

పెద్దదానికి ఆరేళ్ల వయసులో, 1946లో, తెలంగాణ సాయుధ పోరాటం మొదలైంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశముఖ్ రామచంద్రారెడ్డికి ఎదురు నిలిచింది ఈ ప్రాంతంలోనే. ఇక్కడ నవల రాసేవాళ్లకు ఒక ఆశ పుడుతుంది: పెద్దక్క చేతికి కూడా ఒక రోకలి ఇచ్చి గూండాల మీదికి పంపాలని. దయచేసి వద్దు. ఆరేళ్ల పిల్లకు చరిత్ర అంటే రాత్రిపూట లోపలి గడియ పడిన చప్పుడు, అమ్మ నోటి మీద పెట్టిన చెయ్యి. ఆ రెండూ రాయగలిగితే పోరాటం దానంతటదే పేజీలోకి వస్తుంది. 1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన ముగిసేనాటికి ఆమెకు ఎనిమిదేళ్లు. పై చదువంతా ఉర్దూలో సాగిన రాజ్యంలో పల్లెటూరి ఆడపిల్లకు మొదటి తరగతే దూరం. 1955లో, పదిహేనో ఏట, కరీంనగర్ వైపు ఇచ్చి పెళ్లి చేశారు.

మరుసటి ఏడాదే హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తండ్రి ఆస్తిలో కూతురికీ భాగం ఉందని అది చెప్పింది. ఆ సంగతి ఊళ్లో ఎవరూ ఆమెకు చదివి వినిపించలేదు. ఆమె అప్పటికి చాట ముందు కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరించడం నేర్చుకుంటోంది.

నడిపిది అదృష్టవంతురాలిలా కనిపిస్తుంది. 1959లో వరంగల్‌కు ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, కాకతీయ వైద్య కళాశాల రెండూ వచ్చాయి. ఊరి మొహమే మారింది. ఆమె కాలేజీ గడప తొక్కేసరికి 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. పిల్లలు వీధుల్లోకి వచ్చారు, తరగతులు ఆగాయి. తమ్ముడి వరస అబ్బాయిలకు ఏడాది పోయింది. నడిపిదానికి చదువే పోయింది, ఎందుకంటే ఖాళీగా ఇంట్లో ఉన్న ఆడపిల్లకు సంబంధం చూడకుండా ఏ తండ్రీ ఊరుకోడు. 1971లో పెళ్లి. నడిపిదాని గురించి తక్కువ చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. ఇళ్లలోనూ అంతే, నడిపిదాని గురించి ఎవరూ ఎక్కువ చెప్పరు.

ఇక చిన్నది. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. 1985లో ఆమె అక్కడ ఎం.ఏ.లో చేరింది. 1988లో పెళ్లి.

[తెర మీద తేదీ: 5 సెప్టెంబర్ 1985]

ఈ తేదీ దగ్గర కాసేపు ఆగాలి. నన్ను అడిగితే మన నవలకు గుండెకాయ ఇదే.

1956 చట్టం కూతురికి భాగం ఇచ్చింది నిజమే. కానీ పిత్రార్జితంలో, అంటే ఈ 6 ఎకరాల్లా తాతల నుంచి వచ్చిన ఆస్తిలో, పుట్టుకతో వాటాదారులు మగవాళ్లే. తండ్రి 1980లో పోయాడు, పంపకం అప్పుడే జరిగిందనుకోండి. తల్లి అప్పటికే లేదు, వీలునామా లేదు. 6 ఎకరాలను ముందుగా తండ్రికీ కొడుకుకూ చెరి 3 ఎకరాలుగా లెక్కకు విడదీస్తారు. తండ్రి 3 ఎకరాలను నలుగురు బిడ్డలకు సమానంగా పంచుతారు. ఎకరానికి 40 గుంటలు కదా, కూతురికి తలా 30 గుంటలు. కొడుకుకు 3 ఎకరాల 30 గుంటలు.

ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో, 1986లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ చట్టాన్ని సవరించింది. కొడుకులాగే కూతురు కూడా పుట్టుకతో వాటాదారు అని దేశంలో మొదట రాసుకున్న రాష్ట్రం మనదే. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. అయితే ఒక మెలిక పెట్టారు: ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు ఇది వర్తించదు.

ఇప్పుడు తండ్రి 1990లో పోయి, పంపకం అప్పుడే జరిగిందనుకుని మళ్లీ లెక్క వేయండి. తండ్రి, కొడుకు, చిన్నది, ముగ్గురూ వాటాదారులు, తలా 2 ఎకరాలు. తండ్రి 2 ఎకరాలు నలుగురికి పంచితే 20 గుంటల చొప్పున వస్తాయి. చిన్నదానికి 2 ఎకరాల 20 గుంటలు, అన్నతో సమానం. పెద్దదానికి, నడిపిదానికి 20 గుంటల చొప్పున. చూశారా? ఆడపిల్లల హక్కు పెంచడానికి వచ్చిన చట్టం పెద్దక్కకు ఉన్న దానిలోనే 10 గుంటలు తగ్గించింది.

ఆ మెలికను 2005 సెప్టెంబర్ 9 నుంచి అమలైన కేంద్ర సవరణ తీసేసింది. పెళ్లయినా కాకపోయినా కూతురు కూతురే. తండ్రి ఆ తర్వాత పోయి ఉంటే నలుగురికీ 60 గుంటల చొప్పున, ఎకరంన్నర. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది: ఉండనక్కర్లేదు. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే చట్టబద్ధంగా ముగిసిన పంపకాలను తిరగదోడకూడదు.

వారసత్వం తోబుట్టువులను చెరో దారిన నడిపించడం ఓరుగల్లుకు కొత్తేమీ కాదు. గణపతిదేవుడికి కొడుకులు లేరు. ఒక కూతురు రుద్రమ, మగ పేరుతో రుద్రదేవ మహారాజుగా ఈ కోటను ఏలింది. ఇంకో కూతురు గణపమాంబ, కోట వంశానికి చెందిన బేతరాజుకు భార్యగా వెళ్లి, భర్త పోయాక ధరణికోట వైపు ఆ రాజ్యాన్ని తానే నడిపింది. యనమదల శాసనం ఆమెదే. రుద్రమ కథ మనకు వీధి వీధికీ తెలుసు. గణపమాంబ పేరు వరంగల్‌లో ఎంతమందికి తెలుసో కామెంట్లలో చూస్తాను.

సరే, నవల ఎక్కడ దెబ్బతింటుంది? "కాలం మారింది" అన్న వాక్యం దగ్గర. నా చేతిలో ఉంటే ఈ రకం నవలల్లో ఆ వాక్యాన్ని నిషేధిస్తాను. చిన్నదాని ఎం.ఏ. ఫీజు కాలం కట్టలేదు. పెద్దక్క రోజుకు వెయ్యి బీడీలు చుట్టి, కొంగున ముడివేసి తెచ్చిన డబ్బులు కట్టాయి. ఆ ముడి విప్పే దృశ్యం రాయకుండా చిన్నదాన్ని స్కూటర్ ఎక్కించి ఆధునిక స్త్రీ అని చూపిస్తే నేను ఆ పుస్తకం మూసేస్తాను. ఇంకో తప్పు, పెద్దక్కను కన్నీటి బొమ్మను చేయడం. భర్త గల్ఫ్‌లో ఉండగా ఇల్లూ అప్పూ పొలమూ తానే తిప్పిన మనిషి ఏడుస్తూ కూర్చోదు. చెల్లెలి మీద ఆమెకు అసూయ కూడా ఉంటుంది. ఉండనివ్వండి.

మా ఇంట్లో జరిగింది ఒకటి చెప్పి ఆపుతాను. మా అత్తమ్మ, అంటే నాన్న వాళ్ల అక్క, పొలంలో తన హక్కు వదులుకుంటూ కాగితం మీద సంతకం పెట్టి వచ్చింది. తోడు వెళ్లింది నేనే. అప్పటికి నాకు ఈ తేదీలన్నీ తెలుసు, వాదించాలని నోరు కూడా దురద పెట్టింది. బయట సోడా తాగుతుంటే, ఎందుకు పెట్టావు అత్తమ్మా అని అడిగాను. "తీసుకుంటే రేపు బతుకమ్మకు నన్ను ఎవరు పిలుస్తారు బిడ్డా?" అంది.

[తెర మీద: వేయిస్తంభాల గుడి ముందు సద్దుల బతుకమ్మ, తంగేడు, గునుగు]

మన నవల చివరి అధ్యాయం నాకు ఇక్కడే కనిపిస్తుంది. పండుగకు ముగ్గురూ పుట్టింటికి వచ్చారు. చిన్నది తాంబాలంలో గునుగు పేరుస్తోంది, నడిపిది రంగులు అద్దుతోంది. తమ్ముడి భార్య చాయ్ కప్పుల పక్కన ఒక కాగితం, ఒక పెన్ను పెట్టి లోపలికి వెళ్లింది. పెద్దక్క అద్దాలు తెమ్మంది. సంతకం నేర్చుకున్న ఆమె ఇన్నేళ్లకు మొదటిసారి, పెట్టబోయే ముందు, మొత్తం చదువుతానంటోంది.