గుడ్ల కూరకి కాస్ట్ ఐరన్ మూకుడు కొనొచ్చా? వండి చూపిస్తాను

అందరికీ నమస్కారం! శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఈ మూకుడు కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపించారు. డబ్బులు ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. కొలతలు, ధర లాంటివి కింద ఇచ్చిన లింకులో చూసుకోవచ్చు, ఆ అంకెల జోలికి పోను. కారంకారంగా గుడ్ల కూర ఇందులో ఎలా వస్తుందన్నదే నాకు కావాలి. మా ఇంట్లో ఆదివారం నీసు ముట్టరు, అరసవల్లి సూర్యనారాయణ స్వామి రోజు కదా. అందుకే బుధవారం మొదలెట్టాను.

ఉడికించి ఒలిచిన గుడ్లకి సన్నగా గాట్లు పెట్టాను. మూకుడు సన్న సెగ మీద అయిదు నిమిషాలు వేడెక్కాలి, తొందరపడకండి. నూనె, చిటికెడు పసుపు, ఆ తర్వాత గుడ్లు. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. తెల్లసొన మీద బంగారు రంగు పొర, దాని మీద చిన్న చిన్న పొక్కులు చూశారా? కూరలో మసాలా పట్టేది అక్కడే. అబ్బా, దీనికోసమే ఈ వీడియో!

ఇంతకుముందు నాన్‌స్టిక్‌లో చేసేదాన్ని. గుడ్లు జారిపోతూ తెల్లగానే ఉండిపోయేవి. సెగ పెంచుదామంటే భయం, 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది. అంతకుముందు వాడిన సత్తు మూకుడైతే ఒకచోట మాడ్చి, ఇంకోచోట పచ్చిగా వదిలేసేది. ఇది అలా కాదు. మందంగా ఉంది కాబట్టి గుడ్లు వేసినా వేడి చప్పున దిగదు.

ఆ వేడితోనే కారం దగ్గర జాగ్రత్త! స్టవ్ కట్టేసినా నూనె చాలాసేపు కాగుతూనే ఉంటుంది. అందులో నేరుగా గుంటూరు కారం పడిందా, నల్లగా మాడి ఇంటిల్లిపాదీ దగ్గుతారు. ఉల్లిపాయ ముద్ద వేగి, ఒక చిన్న టమాటా మగ్గాక, స్టవ్ కట్టేసి, ఆ తడి మీద కారం వేయండి. కలిపి మళ్ళీ సన్న సెగ పెట్టండి. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఎర్రటి నూనె పైకి తేలేదాకా ఆగారంటే కూరంతా ఒకే ఘాటు. పలాస జీడిపప్పు నానబెట్టి నూరి కలిపితే చిక్కదనం వస్తుంది, పిల్లలు కూడా తినగలిగేలా మంట కాస్త తగ్గుతుంది.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన సంగతి. పెట్టెలో కాగితం మీద ‘పులుసులకీ బాగుంటుంది’ అని అచ్చేశారు. చింతపండు రసం పోసి, చిన్న బెల్లం ముక్క వేసి మరిగించాను. పులుసు నల్లబడింది, నాలిక మీద ఇనుము రుచి తగిలింది! మూకుడుకి పట్టిన నూనె పొరని పులుపు తినేస్తుంది. కాగితం రాసినవాళ్ళు ఒక్కసారి వండి చూసి రాయాల్సింది. మన గుడ్ల పులుసుకి మట్టి దాక పెట్టుకోండి. వేయించడం వరకే ఇందులో.

గుడ్డు కోస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత కనిపిస్తే మాత్రం ఈ మూకుడుని తిట్టకండి. గుడ్డు ఎక్కువ ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోనే ఉండే ఇనుముతో కలిసి ఆ గీత వస్తుంది. నీళ్ళు మరిగాక పది నిమిషాలు చాలు, వెంటనే చన్నీళ్ళలో వేసేయండి.

బరువు సంగతి మా అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: “ఇదేటే, దీన్ని తోమడానికి ఇద్దరు కావాలి!” నిజమే. పైగా కూర వేరే గిన్నెలోకి తీసి, వెంటనే కడిగి, తడి లేకుండా తుడిచి, నూనె రాయాలి. మనది సముద్రం పక్క ఊరు, తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పే.

అయినా నేను దీన్నే వాడతాను, ఆ వేగిన గుడ్డు రుచి నాకు ఇంక దేంట్లోనూ రాలేదు. పులుసు కోసమే అయితే కొనకండి. లింకు కింద ఉంది, కానీ ముందు మీ అటక మీద మామ్మగారి కాలంనాటి ఇనప మూకుడు ఉందేమో చూడండి. తుప్పు పట్టినా పర్లేదు, పీచుతో గట్టిగా తోమి, ఆరబెట్టి, నూనె పల్చగా రాసి పొగ వచ్చేదాకా కాల్చండి. రెండు మూడుసార్లు అలా చేశాక గుడ్లు వేయించి, ఎలా వచ్చాయో కామెంట్లో చెప్పండి.